బొబ్బిలి వీణ పలకాలి, స్పీకర్ పెట్టె పలకకూడదు

ఇంట్లోనే స్పీకర్ కట్టుకోవాలని ఒక ఫుల్‌రేంజ్ డ్రైవర్ కొన్నారనుకోండి. బాస్, ట్రెబుల్ అన్నీ ఒకే కోన్‌లోంచి వస్తాయి, క్రాసోవర్ గొడవ ఉండదు. మరి దానికి ఏ పెట్టె? డబ్బు, ప్లైవుడ్ వృథా అయ్యేది ఇక్కడే. అందుకే ఈ ఎపిసోడ్‌లో పెట్టె చరిత్ర చూద్దాం.

ముందు మన విజయనగరం జిల్లాకే వెళ్దాం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. తీగ ఒక్కటే మోగితే వినపడీ వినపడనట్టు ఉంటుంది. దాని కదలిక కుండ మీది పలకకి అందితేనే నాదం పుడుతుంది. ఇది చూస్తే స్పీకర్‌కీ అలా పలికే చెక్కే మంచిదనిపిస్తుంది. కానీ ఇక్కడ లెక్క తిరగబడుతుంది. రికార్డింగ్‌లో వీణ నాదం ముందే ఉంది కదా! పెట్టె కూడా పలికితే వీణకీ, డప్పుకీ, మనిషి గొంతుకీ అదే రంగు పూస్తుంది.

మరి పెట్టె ఎందుకు? కోన్ ముందుకు కదిలితే ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. రెండూ అంచు చుట్టూ తిరిగి కలిస్తే బాస్ పోతుంది. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు రైస్, కెలాగ్ ఈనాటి స్పీకర్‌కి రూపమిచ్చినప్పుడు కూడా ఇదే సమస్య. కోన్ చుట్టూ పలక పెట్టారు. అదే బాఫిల్.

1932లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే థ్యూరస్‌కి బాస్ రిఫ్లెక్స్ పేటెంట్ వచ్చింది. వెనక శబ్దాన్ని ఒక రంధ్రం ద్వారా ముందు శబ్దానికి తోడు తెచ్చాడు. 1954లో విల్చర్, మూసేసిన చిన్న పెట్టెలోని గాలినే స్ప్రింగ్‌లా వాడాడు. ఇక హార్న్ పెట్టెలు కొద్ది వాట్ల వాల్వ్ యాంప్లిఫైయర్ల కాలంలో బాగా పనికొచ్చాయి. ఇప్పుడు వాట్లు చవక, కాబట్టి మొదటి ప్రాజెక్ట్‌కి అంత కష్టమైన చెక్కపని అక్కర్లేదు.

అసలు మలుపు 1961లో. ఆస్ట్రేలియా ఇంజినీర్ నెవిల్ థీల్, ఆ తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్, డ్రైవర్ కొలతల నుంచి పెట్టె సైజు లెక్కగట్టే పద్ధతి ఇచ్చారు. అందులో మనకి ముఖ్యమైనది క్యూటీఎస్. కోన్ ఊగడాన్ని డ్రైవర్ ఎంత అదుపు చేస్తుందో ఆ అంకె చెప్తుంది. తక్కువ ఉంటే అదుపు ఎక్కువ.

సుమారు 0.4 కంటే తక్కువైతే బాస్ రిఫ్లెక్స్ చూడండి. 0.4 నుంచి 0.7 లోపు అయితే మూసిన పెట్టె. మూసిన పెట్టె ఆ అంకెని ఇంకా పెంచుతుంది కాబట్టి, 0.7 దాటిన డ్రైవర్‌కి ఓపెన్ బాఫిలే నయం. ఇవి మొదలుపెట్టడానికి గుర్తులే. చివరి సైజు సాఫ్ట్‌వేర్‌లో లెక్క చూసుకోండి.

కోడ్ రాసేముందు స్పెక్ చదివినట్టే, వడ్రంగి దగ్గరికి వెళ్లేముందు డేటాషీట్ చదవండి. 18 ఎం.ఎం. ప్లైవుడ్ తీసుకుని లోపల అడ్డపట్టీలు వేయించండి. పెట్టె మీద వేలితో కొడితే గంటలా మోగకూడదు, బండలా ‘టక్’ మనాలి. పనస చెక్కని గొల్లపల్లికి వదిలేద్దాం. ఉంటాను మరి!