కమ్యూనిటీ రేడియో: మీ ఏరియా గురించి ఏం మాట్లాడొచ్చు? ఎక్కడ ఆగాలి?

మీ కాలనీలో మూడు రోజులుగా నల్లా నీళ్లు రావడం లేదు. వాట్సాప్ గ్రూపులో అందరూ అదే రాస్తున్నారు. ఆ మాట రేడియోలో చెప్పొచ్చా? చెప్పొచ్చు. నీళ్ల సంగతి తేల్చని కార్పొరేటర్‌ను వచ్చే ఎన్నికల్లో ఓడించమని చెప్పొచ్చా? కుదరదు. ఈ రెండు మాటల మధ్య గీత ఎక్కడుందో తెలిస్తే, మీకు దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ రేడియోను మీరు బాగా వాడుకోవచ్చు.

అసలు కమ్యూనిటీ రేడియో అంటే ఏమిటి?

ఆకాశవాణి ప్రభుత్వ రంగంలోనిది. సినిమా పాటలు వేసే ఎఫ్ఎం స్టేషన్లు చాలావరకు ప్రైవేటు కంపెనీలవి. ఈ రెండూ కాని మూడో రకమే కమ్యూనిటీ రేడియో. లాభం కోసం కాకుండా విద్యాసంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, కృషి విజ్ఞాన కేంద్రాలు వంటివి దీన్ని నడుపుతాయి.

దీనికి పునాది వేసింది 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని అందులో కోర్టు స్పష్టం చేసింది. తీర్పిచ్చిన ముగ్గురు న్యాయమూర్తుల్లో తెలుగువారైన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి ఒకరు. కేంద్రం 2002 చివర్లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరిచింది. 2024 నాటికి దేశంలో దాదాపు 500 స్టేషన్లు నడుస్తున్నాయి.

మన దగ్గర ఎక్కడున్నాయి?

స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో దేశంలో మొదలైన తొలి కమ్యూనిటీ రేడియోల్లో ముందు చెప్పుకోవాల్సింది సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లోని సంఘం రేడియో. 2008 అక్టోబర్ 15న ప్రసారాలు మొదలయ్యాయి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాల సభ్యులు, ఎక్కువగా దళిత మహిళలు, దీన్ని నడిపిస్తున్నారు. చిరుధాన్యాలు, నాటు విత్తనాలు, పండగ పాటలు, ఆ ప్రాంతపు యాసలోనే వినిపిస్తాయి. అనుమతి రాకముందే వాళ్లు ఏళ్ల తరబడి కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లను సంఘం సమావేశాల్లో వినిపించారు.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో బోల్ హైదరాబాద్ ఉంది. రెండింటి ఫ్రీక్వెన్సీ 90.4 మెగాహెర్ట్జే. ఒకదానికొకటి అడ్డం రావా అనే సందేహం రావచ్చు. రావు. ఈ స్టేషన్ల ప్రసార శక్తి 100 వాట్లు, యాంటెనా ఎత్తు 30 మీటర్లు మించకూడదు. కాబట్టి సిగ్నల్ సుమారు పది, పదిహేను కిలోమీటర్లకే పరిమితం. గచ్చిబౌలిలో వినిపించేది ఎల్బీనగర్‌లో వినిపించకపోవచ్చు.

కళలు: అడ్డు లేదు

ఒగ్గు కథ, బుర్రకథ, బతుకమ్మ పాట, కాలనీ పిల్లల నాటకం, అమ్మమ్మ చెప్పే కథ ఏదైనా సరే. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలన్నది నిబంధన. అంటే మీలాంటి వాళ్ల గొంతు స్టేషన్‌కు అవసరం. సినిమా పాట వేయాలంటే మాత్రం కాపీరైట్ చూసుకోవాలి.

రాజకీయాలు: ఇక్కడే గీత

కమ్యూనిటీ రేడియోకు సొంతంగా వార్తలు సేకరించి చదివే వీలు లేదు. ఆకాశవాణి వార్తలను ఉన్నదున్నట్టుగా గానీ, స్థానిక భాషలోకి మార్చి గానీ ఇవ్వొచ్చు. రాజకీయ కార్యక్రమాలు కుదరవు. పార్టీలకు, వాటి అనుబంధ సంఘాలకు స్టేషన్ పెట్టుకునే అర్హతే లేదు.

అయితే కరెంటు కోత, నీటి సరఫరా, వాన హెచ్చరిక, ట్రాఫిక్, పరీక్షలు, ఉద్యోగాలు, ఆరోగ్య సమాచారం వార్తల నిషేధం కిందకు రావు. రేషన్ కార్డుకు ఎలా దరఖాస్తు చేయాలో, మీ వీధి డ్రైనేజీ ఎందుకు పొంగుతోందో మాట్లాడొచ్చు. పత్రికకు, టీవీకి ఉన్న స్వేచ్ఛ రేడియోకు ఎందుకు లేదని కామన్ కాజ్ అనే సంస్థ 2013లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది.

డబ్బు: ఎలా వస్తుంది?

గంటకు 12 నిమిషాల వరకు ప్రకటనలు వేసుకోవచ్చు. 2024 ఫిబ్రవరికి ముందు ఇది 7 నిమిషాలే. ప్రభుత్వ ప్రకటన రేటు కూడా అప్పుడే 10 సెకన్లకు 52 రూపాయల నుంచి 74 రూపాయలకు పెరిగింది. ఆ 12 నిమిషాలూ ప్రభుత్వ ప్రకటనలతో నిండినా గంటకు వచ్చేది 5,328 రూపాయలు. అన్ని ప్రకటనలు ప్రతి గంటా దొరకడం కష్టం. అందుకే స్థానిక దుకాణాల ప్రకటనలు, విరాళాలు, వలంటీర్ల శ్రమ చాలా స్టేషన్లకు ఊపిరి.

మీరు ఏం చేయొచ్చు?

• వినాలంటే: ఫోన్లో ఎఫ్ఎం ఉంటే వైరు ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టండి. ఆ వైరే యాంటెనాగా పనిచేస్తుంది. బ్లూటూత్‌ ఇయర్‌ఫోన్ ఆ పని చేయదు.

• మాట్లాడాలంటే: నేరుగా స్టేషన్‌కు వెళ్లి ఏ అంశం మీద, ఎంతసేపు మాట్లాడతారో చెప్పండి. ప్రతి స్టేషన్‌కూ స్థానికులతో కూడిన సలహా, కార్యక్రమాల కమిటీ ఉండాలి. 2024 నిబంధనల ప్రకారం అందులో కనీసం సగం మంది మహిళలు ఉండాలి. కమిటీలో ఎవరున్నారో అడగండి.

• అభ్యంతరం ఉంటే: తేదీ, సమయం రాసిపెట్టుకోండి. ప్రసారాల రికార్డింగును స్టేషన్ మూడు నెలలు దాచాలి. ఆ గడువు దాటకముందే రాతపూర్వకంగా స్టేషన్‌కు, అవసరమైతే కేంద్ర సమాచార, ప్రసార శాఖకు ఫిర్యాదు చేయండి.

• స్టేషన్ పెట్టాలంటే: వ్యక్తులకు అనుమతి ఇవ్వరు. కనీసం మూడేళ్ల సేవా అనుభవం ఉన్న, లాభాపేక్ష లేని రిజిస్టర్డ్ సంస్థ అయి ఉండాలి. బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. సమాచార, ప్రసార శాఖ అనుమతితో పాటు ఫ్రీక్వెన్సీ కోసం టెలికాం శాఖ లైసెన్సు కూడా కావాలి. మొదటి అనుమతి పదేళ్లకు ఇస్తారు.

మీ సంఘానికి మూడేళ్లు నిండకపోతే తొందరపడక్కర్లేదు. మాచ్నూర్ మహిళల్లాగే ఈలోపు కార్యక్రమాలు రికార్డు చేసి నలుగురికీ వినిపించండి. ఇప్పుడు క్యాసెట్లు కూడా అక్కర్లేదు, చేతిలో ఫోన్ చాలు.