గృధ్రసి నుండి సయాటికా వరకు

బెంజ్ సర్కిల్ పరిసరాలలోని మన సభ్యులు కలుసుకున్నప్పుడు పెన్షను, డి.ఎ. బకాయిల తర్వాత ఎక్కువగా మాట్లాడుకునేది నొప్పుల గురించే. పిరుదులో మొదలై, తొడ వెనుకగా పిక్కలోకి దిగి, పాదాన్ని తిమ్మిరెక్కించే నొప్పి నన్నూ పట్టుకున్నది. “నరం పట్టింది, మంచం దిగవద్దు” అన్నవారే అందరూ. ఈ జబ్బు చరిత్ర చదివాక, ఆ సలహా ఎంతవరకు సబబో తెలిసింది.

చరకుడు దీనిని వాతవ్యాధులలో చేర్చి ‘గృధ్రసి’ అన్నాడు. గృధ్రమంటే గ్రద్ద. రోగి నడక ఆ పక్షి నడకలా ఉంటుందని వ్యాఖ్యాతలు చెబుతారు. నొప్పి ముందు పిరుదును పట్టి, క్రమంగా పాదానికి దిగుతుందని ఆయన వ్రాశాడు. కాలు ఎత్తనివ్వదని సుశ్రుతుడు గుర్తించాడు. ఈనాటికీ డాక్టరు మనలను పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తి చూస్తారు. 1881లో పారిస్‌లో ఫోర్స్ట్ అనే విద్యార్థి తన గురువు లాసెగ్ పేరుతో వెల్లడించిన పరీక్ష అది.

ఇది కీలుది కాదు, నరానిదని 1764లో నేపుల్స్ వైద్యుడు కొటూన్యో వేరుచేసి చూపాడు. అయితే నరం పొరలో నీరు చేరడమే కారణమనుకున్నాడు. వెన్నుపూసల మధ్యనుండే డిస్క్ జారి నరాన్ని నొక్కుతుందని 1934లో బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ నిరూపించారు. అంతకుముందు ఆ ముక్కలను గడ్డలనుకొనేవారు. వెల్లూరులో 1949లో డాక్టర్ జేకబ్ చాందీ, మద్రాసులో 1950లో డాక్టర్ రామమూర్తి నరాల శస్త్రచికిత్స విభాగాలు ప్రారంభించారు. అప్పుడు మన బెజవాడ మద్రాసు రాష్ట్రంలోనిదే.

ఇక మంచం సంగతి. నెదర్లాండ్స్‌లో 183 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టును 2 వారాలు మంచంపై ఉంచారు. రెండవ జట్టు మామూలుగా తిరిగింది. 12 వారాలకు రెండింటిలోనూ 87 శాతం మందికి గుణం కనిపించింది. 1999లో వెలువడిన ఈ ఫలితంతో తరతరాల సలహా వీగిపోయింది.

కనుక మిత్రులారా, నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు ఇంట్లోనైనా నాలుగడుగులు వేయండి. గంటల తరబడి ఒకేచోట కూర్చోకండి. ఆపరేషన్ అందరికీ అవసరం రాదు. కాని మలమూత్రాలపై పట్టు తప్పినా, మర్మస్థానం చుట్టూ స్పర్శ పోయినా, పాదం వ్రేలాడబడినా తెల్లవారే దాకా ఆగక ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడ ఆలస్యమైతే పోయిన శక్తి తిరిగి రాకపోవచ్చునని నా మనవి.