మిద్దె మీది మట్టి పోయాక

ఇంట్లోకి వేడీ చలీ రాకుండా కప్పుకూ గోడలకూ రక్షణ పొరలు వేసుకోవడానికి ప్రభుత్వం డబ్బివ్వడం చలిదేశాల వ్యవహారమని మనవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. అమెరికాలో 1976లో పేదల ఇళ్లకు మొదలైన పథకం, బ్రిటన్‌లో 1978 నాటి చట్టం, చాలా ఆలస్యంగా 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం అని ఒక వరుస చెప్పి ఊరుకుంటారు. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు ఇళ్ల కప్పులు చూస్తే ఈ వరుస కుదరదు. వేడిని ఆపే కప్పు ఇక్కడ ముందే ఉండేది. అది పోవడంలో ప్రభుత్వ సాయానికే పెద్ద వాటా ఉందని నా వాదన.

1970 దాకా కర్నూలు జిల్లాలో ఉన్న ఈ తాలూకాలది ఇంటి కట్టుబడిలోనూ సీమ పద్ధతే. దూలాల మీద దంతెలు, వాటిపై కట్టెపుల్లలు పరిచి, మట్టి మందంగా పోసి, దిమ్మిసతో కొట్టి, పైన చవుడు చల్లేవారు. సోడియం లవణాలున్న చవుడు తడిస్తే మెత్తగా విడిపోయి మట్టిలోని సన్నటి రంధ్రాలను పూడ్చేస్తుంది, నీటిని దిగనివ్వదు. దాని కిందున్న అడుగు మందం పొడి మట్టి పగటి ఎండను గంటల తరబడి పైనే ఆపుతుంది.

ఈ మిద్దెలు ఎందుకు పోయాయంటే, జనమే స్లాబును కోరుకున్నారని అందరూ చెప్పే మాట. అందులో నిజం లేకపోలేదు. ఏటా చవుడు తట్టలకెత్తి పైకి మోయాలి, ముసురు పడితే కారుతుంది, దూలాలకు చెద పడుతుంది, మంచి కలప ధర అందదు. ఆ చాకిరీ చేసిన వాళ్లు దాన్ని వదిలించుకోవాలనుకోవడం న్యాయమే. కానీ కోరిక ఒక్కటే కారణమైతే కలిగినవాళ్ల ఇళ్లు మారి పేదల ఇళ్లు అలాగే నిలవాలి. 1979లో గృహనిర్మాణ సంస్థ ఏర్పడి, 1983 తర్వాత బలహీనవర్గాలకు శాశ్వత గృహాలు, 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్లు వచ్చాక పేదల ఇళ్లే పెద్దయెత్తున మారాయి. ఇక్కడ 'శాశ్వతం' అన్న మాట ముఖ్యం. జనగణన వర్గీకరణలో మట్టి కప్పు తాత్కాలికం, ఆస్‌బెస్టాస్ రేకు శాశ్వతం! మే నెలలో ఆ రేకు కింద కూర్చోలేని మనిషి కూడా కాగితం మీద మెరుగైన ఇంట్లో ఉన్నట్టే. బిల్లులూ ఆ లెక్కనే నడిచాయి. బేస్‌మెంటు, రూఫ్ లెవెల్, స్లాబ్ అని దశలవారీగా డబ్బు వస్తుంటే చవుడు మిద్దె ఏ దశ కిందికి వస్తుంది?

ఇప్పటి ప్రయత్నాలు మంచివే, కానీ చేరాల్సిన చోటికి చేరడం లేదు. 2018లో కేంద్రం ఇళ్లకు తెచ్చిన ఇంధన పొదుపు నియమావళి, ఎకో నివాస్ సంహిత ప్రకారం కప్పు గుండా వేడి ప్రసరణ చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు 1.2 వాట్లు మించకూడదు. అయిదంగుళాల ఒట్టి స్లాబుకు లెక్క కడితే మూడున్నర దాకా వస్తుంది. అడుగు మందం పొడి మట్టి మాత్రం ఆ పరిమితి దరిదాపుల్లో ఉంటుంది. అయితే ఆ సంహిత 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లోని ఇళ్లకే. 2020లో పల్లెల్లో పేదలకిచ్చిన ఇంటిస్థలం సెంటున్నర, అంటే దాదాపు 60 చదరపు మీటర్లు.

ఏసీ లేని ఇంట్లో కప్పు చల్లబడితే కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందని అడగవచ్చు. నిజమే, పెద్దగా తగ్గదు. 75 వాట్ల ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగినా నెలకు 27 యూనిట్లే. అయితే బిల్లును కొలబద్దగా పెట్టుకోవడం చలిదేశాల నుంచి తెచ్చుకున్న అలవాటు. ఇక్కడ కొలవాల్సింది రాత్రి తొమ్మిదింటికి స్లాబు నుంచి ఇంకా దిగుతున్న వేడిని, ఆ వేడిని ఫ్యాను మనిషి మీదికి తోస్తుంటే పట్టని నిద్రను. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా పోయారు. కప్పు మీదికి ప్రభుత్వ డబ్బు ఇప్పుడూ వస్తోంది, కానీ వేడిని ఆపడానికి కాదు: సూర్యఘర్ పథకం కింద కప్పు మీద సోలార్ పలకలకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. వాటి నీడ స్లాబుకు కొంత మేలు చేస్తుంది గానీ పథకం ఉద్దేశం అది కాదు. స్లాబు బిల్లు తర్వాత సున్నపు పూతకో కూల్ టైల్స్‌కో ఇంకొక్క దశ చేర్చడానికి కొత్త పథకం అక్కర్లేదు, ఇప్పుడున్న బిల్లుల పట్టికలో ఒక గడి చాలు.