ఫడ్జ్ (మిఠాయి)

చక్కెర, పాలు లేదా మీగడ, వెన్న, చాకొలెట్ కలిపి పాకం పట్టి, చల్లారాక గట్టిగా కలియబెట్టి, పళ్లెంలో పోసి ముక్కలుగా కోసే అమెరికన్ మిఠాయి ఫడ్జ్. స్కాట్లాండులో 18వ శతాబ్దం నుంచీ ఉన్న ‘టాబ్లెట్’ దీనికి దగ్గరి చుట్టం. అందులో చాకొలెట్ ఉండదు, పలుకు ఎక్కువ.

ఫడ్జ్ తొలి చరిత్ర మనకు తెలిసింది ప్రధానంగా ఒక విద్యార్థిని ఉత్తరం వల్ల. న్యూయార్క్ రాష్ట్రంలోని వాసర్ మహిళా కళాశాలలో చదివిన ఎమెలిన్ హార్ట్‌రిడ్జ్ తన తోటి విద్యార్థిని బంధువొకరు 1886లో బాల్టిమోర్‌లో ఫడ్జ్ చేశారనీ, పౌను 40 సెంట్లకు అమ్మారనీ రాసింది. ఆ పద్ధతి తెలుసుకుని 1888లో కళాశాల వేలం కోసం తానే 30 పౌన్లు వండింది. అక్కడినుంచి అది ఇతర మహిళా కళాశాలలకు పాకింది. వసతిగృహాల్లో అమ్మాయిలు గ్యాస్ మంట మీదో, స్పిరిట్ దీపంతో వేడెక్కే గిన్నెలోనో వండుకునేవారు. వెల్స్లీ కళాశాల వాళ్లు మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి కలిపారు, స్మిత్ కళాశాల వాళ్లు బ్రౌన్ షుగర్, మొలాసిస్ (చెరకు మడ్డి) వేశారు. శుద్ధిచేసిన చక్కెర చవకవుతున్న ఆ కాలమే ఇదంతా సాధ్యం చేసింది. ఒక మిఠాయి వ్యాప్తికి పెద్ద వంటశాల గానీ దుకాణం గానీ కాక, చదువుకునే అమ్మాయిల చేతులే ఆధారం కావడం నిజంగా మెచ్చదగ్గ సంగతి.

వాసర్ పద్ధతిలో 2 కప్పుల చక్కెరకు 1 కప్పు మీగడ, 2 ఔన్సుల తీపి లేని చాకొలెట్, 1 టేబుల్ స్పూన్ వెన్న. దినుసులు ఇంతే, కష్టమంతా పాకంలో ఉంది. అది 112–116 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. థర్మామీటర్ లేని రోజుల్లో ఒక చుక్కను చన్నీళ్లలో వేసి చూసేవారు. మెత్తటి ఉండ కడితే దించేయడమే. మన అరిసెలవాళ్ల ఉండపాకం పరీక్ష కూడా ఇదే. దించాక గిన్నె కదపకూడదు. వేడిగా ఉన్నప్పుడు గరిటె పెడితే కొద్దిపాటి చక్కెర స్ఫటికాలే పుట్టి, అవే పెద్దవై నాలుకకు గరగరలాడతాయి. దాదాపు 43 డిగ్రీలకు చల్లారాక కలియబెడితే లెక్కలేనన్ని సన్నటి స్ఫటికాలు ఒక్కసారిగా పుడతాయి. మెత్తదనానికి కారణం అవే. మెరుపు పోయి మందంగా మారేదాకా చేయి ఆపకూడదు. గిన్నె అంచున అంటుకున్న చక్కెర పలుకు ఒక్కటి లోపల పడినా శ్రమ వృథా కావచ్చు. అలా చెడినదాన్ని పారేయనక్కర్లేదు: కొంచెం నీళ్లు పోసి కరిగించి మళ్లీ పాకం పట్టవచ్చు.

దుకాణాల్లో ఫడ్జ్‌కు పేరు తెచ్చినది మిషిగన్‌లోని మాకినా ద్వీపం. అక్కడ పాకాన్ని పాలరాతి బల్లల మీద పోసి, సందర్శకుల కళ్లముందే తాపీల్లాంటి పలకలతో మడిచి తిప్పుతారు. అక్కడికి వచ్చే పర్యాటకులను స్థానికులు ‘ఫడ్జీలు’ అంటారు.

20వ శతాబ్దంలో సులువు పద్ధతులు వచ్చాయి. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ భార్య మేమీ పేరుతో ప్రచారమైన ఫడ్జ్‌లో మార్ష్‌మాలో క్రీమ్ కలిపి, కలియబెట్టే శ్రమ తగ్గించారు. కండెన్స్‌డ్ మిల్క్‌లో చాకొలెట్ కరిగించే పద్ధతిలో పాకం అసలే పట్టరు. అది గట్టిపడేది చాకొలెట్‌లోని కొవ్వు బిగుసుకోవడం వల్లే. కొరికితే నమలాలనిపిస్తుంది గానీ, పాతకాలపు ఫడ్జ్‌లా నోట్లో సన్నగా విరిగి కరిగిపోదు.