బుకాయింపు (మూడు ముక్కలాట)

మూడు ముక్కలాటలో చేతిలో చెప్పుకోదగ్గ ముక్కలు లేకున్నా ఉన్నట్లుగా పందెం వేసి, ఎదుటివారు ఆట వదిలేలా చేయడాన్ని బుకాయింపు లేదా బ్లఫ్ అంటారు. పోకర్ ఆటలోని బ్లఫ్‌కు తెలుగునాట దగ్గరి రూపం ఇదే. తెలంగాణలో ఈ ఆటకు తీన్ పత్తా అన్న పేరు కూడా ఉంది. బుకాయింపు మొదలుపెట్టడం సులభమే కానీ దానిని ఎక్కడ విరమించాలో తేల్చుకోవడం కష్టం.

ఆట తీరు

ఒక్కొక్కరికి మూడు ముక్కలు పంచుతారు. ముక్కలు చూడకుండా పందెం వేసేవారిని బ్లైండ్ అని, చూసి వేసేవారిని సీన్ అని అంటారు. బ్లైండ్ వేసినదానికి సీన్ రెట్టింపు వేయాలి. ముక్కలు పారేసి ఆట వదలడాన్ని ప్యాక్ అంటారు.

52 ముక్కల పేకలో మూడేసి ముక్కలు 22,100 విధాలుగా రావచ్చు. వీటిలో 16,440 సార్లు, అనగా నూటికి సుమారు 74 సార్లు, జత గానీ వరుస గానీ ఒకే రంగు గానీ ఉండదు. ఎదుటివాడి చేయి కూడా చాలాసార్లు ఖాళీయే కనుకనే బుకాయింపు సాగుతుంది.

విరమించవలసిన సందర్భాలు

మధ్యలో 120 రూపాయలు పోగై ఉన్నాయనుకుందాం. నిలవాలంటే మరో 40 వేయాలి. నాలుగుసార్లు ఇలా చేసి మూడుసార్లు విఫలమైతే 120 పోతాయి, ఒకసారి ఫలిస్తే 120 వస్తాయి. అంటే నాలుగింట ఒకసారైనా ఫలించకపోతే నష్టమే. ఇద్దరు ప్రత్యర్థులుండి ఒక్కొక్కరు వదిలే అవకాశం సగమైతే, ఇద్దరూ వదిలే అవకాశం సరిగ్గా నాలుగో వంతు. ముగ్గురుంటే ఎనిమిదో వంతే. అప్పుడు ప్యాక్ చేయడమే మేలు. ఇంతకుముందు తాను వేసిన సొమ్మును ఈ లెక్కలో కలపరాదు. అది ఇక తనది కాదు. "ఇంత పెట్టాను కదా" అని నిలిచేవారే ఎక్కువగా పోగొట్టుకుంటారు.

ముక్కలు చూసి కూడా ఒకడు రెండు మూడు వరుసలు పందెం వేశాడంటే అతని చేయి ఖాళీ అన్న పాత అంచనా చెల్లదు. జత కంటే మేలైనదేదో ఉందని భావించాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది బ్లైండ్ మీద బుకాయింపు. తన ముక్కలేవో తెలియనివాడిని ముక్కల పేరుతో బెదిరించడం వృథా. పైగా సాధారణ నియమం ప్రకారం చివరకు ఇద్దరే మిగిలినప్పుడు సీన్ ఆటగాడు బ్లైండ్‌ను షో అడగరాదు. రెట్టింపు వేస్తూ పోవాలి, లేదా వదలాలి. పోకర్‌లో ఇటువంటి చిక్కు లేదు.

సైడ్ షో మరో గండం. పక్కవాడు అడిగినప్పుడు ఒప్పుకుంటే బుకాయింపు బయటపడుతుంది, కాదంటే అనుమానం పెరుగుతుంది.

చట్టం

డోర్నకల్ ఒకప్పుడు నిజాం రాజ్యంలోని వరంగల్ జిల్లాలో ఉండేది (2016 నుండి మహబూబాబాదు జిల్లా). అక్కడ 1305 ఫసలీ నాటి హైదరాబాదు జూద చట్టం వర్తించేది. డోర్నకల్ కూడలిలో రైలెక్కి విజయవాడకు చేరితే 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టం వర్తించేది. 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చాక రెండు ప్రాంతాలకూ ఒకే చట్టమైంది.

సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించి, హైదరాబాదు చట్టం కిందనే నడిచిన సత్యనారాయణ కేసులో సుప్రీం కోర్టు 1967లో తీర్పు చెప్పింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియడం అవసరం కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అన్నది. అదే తీర్పు మూడు ముక్కలాటను పూర్తిగా అదృష్టం మీద ఆధారపడిన ఆటగా పేర్కొన్నది. పంపకం వరకు ఈ మాట నిజమే గానీ, పందెం వేయడంలోని బుకాయింపును అది లెక్కలోకి తీసుకోలేదని చెప్పవచ్చు. అయినా ఈ వాదం ఆటగాళ్ళకు అక్కరకు రాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, రమ్మీతో సహా, తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న భేదం చూడకుండా ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది.