మత్స్యవినోదమును రాతియీగయు

గాలముతో చేపలు పట్టుటను విద్యగా గ్రంథస్థము చేసిన ఘనత ఆంగ్లేయులదని తలచుట పరిపాటి. 1496లో వింకిన్ డి వర్డ్ వెస్ట్‌మినిస్టరున అచ్చువేసిన చిన్న గాలపు గ్రంథము దీనికి ఆధారము. అంతకు మూడున్నర శతాబ్దుల పూర్వమే కల్యాణ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున ‘మత్స్యవినోద’మను అధ్యాయమును సంస్కృతమున రచించెను.

సోమేశ్వరుడు 1127 ప్రాంతమున సింహాసనమెక్కి 1138 వరకు పాలించెను. సర్వజ్ఞుడని ఆయనకు బిరుదు. ఆయన రాజధానియైన కల్యాణము నేడు బీదరు జిల్లాలోని బసవకల్యాణము. 1956 వరకు ఆ ప్రాంతము హైదరాబాదు రాష్ట్రమున ఉండెను. అనుమకొండ నేలిన కాకతి రెండవ ప్రోలరాజు ఆనాడు కల్యాణమునకు సామంతుడు. కావున ఈ గ్రంథము కన్నడిగులకు ఎంత సొంతమో తెలుగువారికిని అంత దగ్గరిది. 1925 మొదలు బరోడా గ్రంథమాలలో ఇది మూడు సంపుటములుగా వెలువడినది. పండితులు ఇందలి సంగీత నృత్యములను, గజశాస్త్రమును శ్రద్ధగా చదివిరి గాని చేపల అధ్యాయమును పట్టించుకొన్నవారు తక్కువ. దాని విలువను ఎత్తిచూపినవాడు సంస్కృత పండితుడు కాదు, జంతుశాస్త్రజ్ఞుడు. సుందర్‌లాల్ హోరా 1951లో ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు దీనిని వివరించెను.

ఆ అధ్యాయమున చేపలను సముద్రపు చేపలు, నదీజలపు చేపలు అనియు, పొలుసు గలవి, పొలుసు లేనివి అనియు విభజించిరి. ఏ చేపకు ఏ మేత ప్రీతియో తెలిపిరి. పిండి ముద్దలు మొదలు మాంసము వరకు మేతవేసి చేపలను ఒకచోటికి అలవాటు చేసి, పిదప గాలము వేయవలెను. ఆకలి తెలిసినవానికే గాలము ఫలించునను ఎఱుక ఇందు అడుగడుగున కనబడును.

ఆంగ్ల గ్రంథమును ఈ సూత్రముననే నిలిచినది. పెద్ద చేప దొరికినచో దాని కడుపు చీల్చి, లోపల ఏది కనబడిన దానినే ఎరగా చేసికొమ్మని అది చెప్పును. కాని ఆంగ్లేయులు ఇంకొక అడుగు వేసిరి: మేతను పెట్టుటకు మారుగా మేతవంటి బొమ్మను కట్టిరి. ఆ గ్రంథమున వర్ణింపబడిన పండ్రెండు కృత్రిమపు ఈగలలో రాతియీగ ఒకటి. నల్ల ఉన్నితో దాని ఒడలు, రెక్కల క్రిందను తోక క్రిందను పసుపు, మగబాతు ఈకతో రెక్కలు. ఈ ఉపాయమును వారు పుట్టించినది కాదు. మాసిడోనియా జాలరులు గాలమునకు ఎఱ్ఱ ఉన్ని చుట్టి కోడి ఈకలు కట్టుచుండిరని రెండు మూడు శతాబ్దుల నాటి ఏలియన్ వ్రాసియుండెను.

రాతియీగ చల్లని, వడిగల, నిర్మలమైన నీటిలో రాళ్ళ క్రింద పెరుగును. రెండు తోకలు గల దాని పిల్లపురుగు, పెద్ద జాతులలో, మూడు నాలుగేండ్లు నీటిలోనే ఉండి, తుదకు రాతిపైకి ప్రాకి చర్మము విడిచి ఎగురును. అన్ని ఋతువులలోను దొరకు ఈ పిల్లపురుగే ట్రౌట్ చేపకు గొప్ప ఆహారము. అమెరికాలోని మాంటానా నదులలో ఇది రెండంగుళముల వరకు పెరుగును. దీని బొమ్మ కట్టువారు పొడవైన కాడగల గాలమునకు సీసపు తీగ చుట్టి, ముదురు ఉన్నితో ఒడలు దిద్ది, పెద్దబాతు ఈక అంచునుండి తీసిన బిరుసు పోచలు రెండు తోకలుగా నిలుపుదురు. పురుగు ప్రవాహమున దొర్లునప్పుడు చేపకు ఏ వైపైనను కనబడవచ్చునని ఛార్లెస్ బ్రూక్స్ వెన్ను, పొట్ట భేదము లేకుండ అన్ని వైపుల ఒకే తీరుగ కట్టెను. 1976లో ఆ పద్ధతిని గ్రంథముగా ప్రకటించెను. బొమ్మను ఎగువకు విసరి, నేలకు దిగనిచ్చి, వాలు వెంట దొర్లనీయవలెను. దారము ఒక్క క్షణము ఆగినచో చేప పట్టినట్లే.

కల్యాణపు గ్రంథము మేతనే నమ్మినదేమని అడుగవచ్చును. దక్కను మైదానములలో నిదానముగ, వెచ్చగ పారు నదులలో రాతియీగ వంటివానికి చోటు తక్కువ. అవి పడమటి కనుమల సెలయేళ్ళకు చెందినవి. పిండిముద్దకు వచ్చు చేపకు ఉన్నియీగ ఎందులకు? ఇది లోపము గాదు, నదిని బట్టి వచ్చిన వివేకము. మద్రాసు రాజధానిలో ఉద్యోగియైన హెచ్. ఎస్. థామస్ 1873లో మంగళూరున భారతదేశపు గాలపు వేటను గూర్చిన గ్రంథము ప్రకటించినప్పుడు మానసోల్లాసము ఇంకను అచ్చు కాలేదు. ఈ గడ్డపై అట్టి శాస్త్రము ముందే ఉండెనని ఆయనకు తెలిసియుండు అవకాశము స్వల్పము.

రాజు స్వయముగ ఇవన్నియు కనిపెట్టెనని నమ్ముట కష్టము. నదినే బ్రదుకుగా గల బెస్తవారు చెప్పినదే శ్లోకములకెక్కియుండును. గ్రంథమున గాలము ‘బడిశము’; తుంగభద్ర యొడ్డున తెలుగున అది గాలము, కన్నడమున గాళ. వల అచట బలె. తోలుపడవ తెలుగున అరిగోలు, కన్నడమున హరిగోలు. నదికి ఈ దరిని, ఆ దరిని ఉన్నవారి పనిముట్లకు పేర్లు ఇంత దగ్గరగా ఉండుట, భాషల పేరిట సరిహద్దులు గీయక మునుపటి చెలిమికి గురుతు. 2005లో, అప్పుడు సికిందరాబాదు నుండి వెలువడుచుండిన ‘ఏషియన్ అగ్రిహిస్టరీ’ పత్రికయందు నళినీ సాధలే, వై. ఎల్. నెనె ఈ గ్రంథమందలి చేపల భాగమును ఆంగ్లమున పరిచయము చేసిరి.