ప్రశ్న పిల్లలది, పథకం పంతులమ్మది



పాలు పొంగుతాయి గదా, నీళ్ళెందుకు పొంగవు? అప్పడం నూనెలో వెయ్యగానే ఎందుకంత పెద్దదవుతుంది? ఇలాంటి ప్రశ్నలు రోజూ మన కొంగు పట్టుకుని తిరుగుతూనే ఉంటాయి. ఇంట్లో ఇన్ని అడిగే పిల్లవాడు బడికి వెళ్ళగానే చేతులు కట్టుకుని కూర్చుంటాడు. అక్కడ అడిగేది పంతులమ్మ, అప్పజెప్పేది పిల్లవాడు. ఈ వరస తిరగేసి, పిల్లల ప్రశ్నల మీదనే చదువు నడిపిస్తే ఎలా ఉంటుందో చూద్దామని నూటపాతికేళ్ళకు పైబడి కిందటే ఒక ప్రయోగం జరిగింది. అమెరికాలో, షికాగో నగరంలో జరిగిన ఆ ప్రయోగం కథ ఈ పూట చెప్పుకుందాం.

జాన్ డ్యూయీ అని ఒక తత్వశాస్త్ర ఆచార్యుడు. 1896 జనవరిలో ఆయన షికాగో విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఒక చిన్న ప్రాథమిక పాఠశాల తెరిచాడు. మొదట్లో ఉన్నది 16 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. బడికి బల్లలు కొందామని ఆయన దుకాణాలన్నీ తిరిగాడు. ఎక్కడా నచ్చలేదు. చివరికి ఒక దుకాణదారే అసలు సంగతి కనిపెట్టాడు. మీరు అడిగేవి పిల్లలు పని చేసుకునే బల్లలు, మా దగ్గరున్నవి కూర్చుని వినే బల్లలు అన్నాడట. అప్పటి చదువంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఆ బడిలో వంట, కుట్టుపని, నేత, వడ్రంగం ముఖ్యమైన పనులు. ఆడపిల్లలూ మగపిల్లలూ అనే తేడా లేకుండా అందరూ చేసేవారు. ఇవి నేర్చి వంటవాళ్ళూ వడ్రంగులూ కావాలని కాదు సుమండీ. చేతిలో పని ఉంటే ప్రశ్న దానంతటదే పుడుతుందని ఆయన నమ్మకం.

ఒకసారి పిల్లల ముందు పత్తికాయలూ, గొర్రె ఉన్నీ పెట్టారు. పూర్వం తమ పెద్దవాళ్ళు నూలుబట్టలకంటే ఉన్నిబట్టలే ఎందుకు ఎక్కువ కట్టేవారన్నది ప్రశ్న. పిల్లలు అరగంటసేపు కూర్చుని పత్తిలోంచి గింజలు తీశారు. తీరా చూస్తే చేతికొచ్చిన దూది ఒక ఔన్సు కూడా లేదు. ఔన్సంటే 28 గ్రాములు. దేవుడి దీపానికి వత్తులు చెయ్యడానికి గింజలు వలిచిన మన అమ్మమ్మలకు ఈ కష్టం ఎవరూ చెప్పక్కర్లేదు! పత్తిపోగు పొట్టిగా, నున్నగా ఉంటుందనీ, ఉన్నిపోగు పొడుగ్గా, గరుకుగా ఉండి ఒకదాన్నొకటి పట్టుకుంటుందనీ, అందుకే వడకడం సులువనీ కూడా వాళ్ళే చూసి తెలుసుకున్నారు. గింజలు తీసే యంత్రం 1793లో వచ్చాక పత్తికి అంత గిరాకీ ఎందుకు పెరిగిందో ఇక వాళ్ళకు వేరే పాఠం అక్కర్లేదు. చరిత్ర వాళ్ళ వేళ్ళకే తెలిసిపోయింది.

వంటలోనూ ఇదే పద్ధతి. కోడిగుడ్డు వండేముందు నీళ్ళు ఎంత కాగితే తెల్లసొన ఎలా మారుతుందో పరీక్షించి చూశారు. పిల్లల్లో ఒకరికి విసుగొచ్చింది. ఈ గొడవంతా ఎందుకు, పుస్తకంలో ఉన్నట్టు వండేస్తే పోలా అన్నారు. పంతులమ్మ కోప్పడలేదు. మరి పుస్తకంలోకి ఆ వంట ఎక్కణ్ణించి వచ్చిందర్రా అని అడిగింది. ఎవరో ఒకరు ముందుగా చేసి చూస్తేనే గదా!

ఇదంతా విని, పిల్లల్ని వాళ్ళ ఇష్టానికి వదిలేస్తే చదువు అదే వస్తుందని అనుకునేరు. ఈ కథలో మనం గమనించవలసింది ఇక్కడే ఉంది. ఆ పత్తీ ఉన్నీ బల్ల మీదికి వాటంతటవే రాలేదు. ఏ వస్తువు ముందు పెడితే ఏ ప్రశ్న వస్తుంది, పిల్లలు దారి తప్పితే ఏమడిగి తిప్పుకురావాలి అన్నది టీచర్లు ముందే ఆలోచించుకునేవారు. ప్రతివారం సమావేశమయ్యేవారు. తరగతిలో ఏం జరిగిందో రాసిపెట్టేవారు. పాఠం వల్లె వేయించడానికి పుస్తకం ఒకటి చాలు. ప్రశ్నతో నడిపించడానికి మాత్రం రెండింతల తయారీ కావాలి. తన పేరు చెప్పి కొన్ని బడులు పథకమే లేకుండా పిల్లల్ని వదిలేస్తున్నాయని 1938లో డ్యూయీయే ఒక పుస్తకం రాసి మందలించాడు.

ఈ తయారీ భారం మోసిన వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. కేథరిన్ క్యాంప్, ఆనా క్యాంప్ అనే అక్కచెల్లెళ్ళు అక్కడ పాఠాలు చెప్పారు. 1936లో ఆ బడి చరిత్ర రాసిందీ వాళ్ళే. బోధన పర్యవేక్షించిన ఎల్లా ఫ్లాగ్ యంగ్ 1909లో షికాగో నగర పాఠశాలలన్నిటికీ అధికారి అయింది. అమెరికాలో అంత పెద్ద నగరంలో ఆ పదవి చేపట్టిన మొదటి మహిళ ఆవిడే. డ్యూయీ భార్య ఆలిస్ 1901లో ప్రధానోపాధ్యాయిని అయింది. కాని 1903లో ఈ బడిని ఇంకో బడితో కలిపారు. ఆవిడ పదవి ఒక్క ఏడాదికేనని తేల్చారు. దాంతో 1904లో భార్యాభర్తలిద్దరూ రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయారు. డ్యూయీ నడిపిన బడి ఎనిమిదేళ్ళకే ముగిసింది. విశ్వవిద్యాలయం వారి పాఠశాల మాత్రం ఈనాటికీ ఉంది.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. 1902 నాటికి అక్కడ 140 మంది పిల్లలకు 23 మంది టీచర్లు, 10 మంది సహాయకులు. అంటే పెద్దవాళ్ళొక్కొక్కరికి నలుగురు పిల్లలన్నమాట. యాభైమందిని ఒక్కతే సంభాళించే పంతులమ్మను ఇలా ఎందుకు చెప్పవమ్మా అని నిలదీస్తే అది న్యాయం కాదు. పిల్లల్ని ప్రశ్నించనివ్వాలంటే ముందు ఆమెకు తీరికా, తోడూ దొరకాలి. తల్లులుగా మనం బడివాళ్ళని అడగవలసింది ఆ సంగతి.

ఇక మన వంటిల్లు ఎలాగూ ఉంది. అక్కడ పిల్లలు నలుగురైదుగురికి మించరు. ఈసారి పాలెందుకు పొంగుతాయని అడిగితే, పోరా అవతలికి అనకుండా, ఒక గిన్నెలో పాలు, ఒక గిన్నెలో నీళ్ళు పొయ్యిమీద పెట్టి, మీరు దగ్గరుండి, దూరంగా నిలబడి చూడమనండి. పాలమీద మీగడ కట్టడం వాడే కనిపెడతాడు. జవాబు మీకు తెలిసినా, కాసేపు ఆగండి.

సెలవు.